పాత కారు పని నేర్చుకుందాం – 4వ పాఠం: టక్కుమనే గడియారం

"అన్నా, చావి తీసి జేబుల పెట్టుకున్న. అయినా లోపల ఏదో టక్కుమంటున్నది."

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు తన తాత కొన్న 1951 షెవర్లే గురించి ఫోన్‌లో అన్న మాట ఇది. ఆ చప్పుడు డ్యాష్‌బోర్డు గడియారానిది. పోయిన పాఠంలో ఫ్యూజులు చూస్తున్నప్పుడు, ఇగ్నిషన్‌తో పని లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి వచ్చే వైరు ఒకటి కనబడింది, గుర్తుందా? అది దీని కోసమే. బండి చావి తీసినా గడియారం తన చావి తాను ఇచ్చుకుంటూనే ఉంటుంది.

అవును, దీనికి చావి ఉంది. చూడటానికి కరెంటు గడియారమే గానీ, లోపల మన పెద్దల చేతి గడియారంలో ఉన్నవే ఉంటాయి: స్ప్రింగు, పళ్ల చక్రాలు, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. కాకపోతే స్ప్రింగుకు ఒకటి రెండు నిమిషాలు నడిపే బలమే ఉంటుంది. అది వదులవుతుంటే ఒక మీట మెల్లగా జరిగి రెండు పాయింట్లను, అంటే తాకితే కరెంటు పారే రెండు లోహపు మొనలను, కలుపుతుంది. కలిసిన క్షణంలోనే కాయిల్ (తీగ చుట్ట) అయస్కాంతమై మీటను వెనక్కి తంతుంది. స్ప్రింగు బిగుస్తుంది, పాయింట్లు విడిపోతాయి, కరెంటు ఆగిపోతుంది. మీరు విన్న టక్ ఆ తన్నుడే. దీన్ని మొదటిసారి విప్పి చూసిన రోజు నేను గంటసేపు ఆ మీటనే చూస్తూ కూర్చున్నాను. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేయించిన వాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఈ గడియారాన్ని ఎక్కువగా చంపేది బలహీనమైన బ్యాటరీ. వానాకాలమంతా బండి షెడ్డులో నిలబడితే గడియారం బ్యాటరీని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. ఒక రోజు పాయింట్లు కలుస్తాయి, కానీ మీటను తన్నే బలం కాయిల్‌కు ఉండదు. పాయింట్లు అట్లాగే అతుక్కుని ఉంటాయి, కరెంటు ఆగకుండా పారుతుంది, కాయిల్ వేడెక్కి మాడిపోతుంది. అందుకే బండిని వారం మించి నిలబెడితే బ్యాటరీ వైరు తీసేయండి. ఛార్జింగు దిగిన బ్యాటరీని, కాసేపటికే అయినా, దీనికి తగిలించకండి.

ఇంకో ప్రమాదం వోల్టేజీ. 1954 దాకా వచ్చిన షెవర్లేలు 6 వోల్టులవి. 6 వోల్టుల బ్యాటరీ దొరకడం కష్టమని చాలామంది 12 వోల్టుల బ్యాటరీ పెట్టిస్తారు. అప్పుడు గడియారానికి వోల్టేజీ తగ్గించే ఏర్పాటు విడిగా చేయాలి, లేదంటే దాని వైరు విప్పి పక్కన పెట్టాలి.

టైము సరిచేయడంలోనూ ఒక విచిత్రం ఉంది. ఆ కాలపు అమెరికన్ గడియారాల్లో చాలావాటికి, మీరు ముల్లు తిప్పితే లోపలి వేగం కూడా కాస్త మారుతుంది. వెనకబడిందని ముందుకు జరిపితే ఇకపై కొంచెం వేగంగా నడుస్తుంది, ముందున్నదని వెనక్కి జరిపితే నెమ్మదిస్తుంది. కాబట్టి ఐదు నిమిషాలు ముందుంటే ఆ ఐదు నిమిషాలే వెనక్కి తిప్పండి, పదకొండు గంటలు ముందుకు తిప్పి చుట్టి రాకండి. రోజూ ఒకే వేళకు, నాలుగైదు రోజులు సరిచేస్తే దారికొస్తుంది. ఈ ఏర్పాటు లేనివాటికి వెనక చిన్న మీట గానీ స్క్రూ గానీ ఉంటుంది.

ఈ వారం పని: బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి, ఇంజను ఆపి, ఇరవై నిమిషాలు బండిలో కూర్చోండి. ప్రతి టక్‌కూ ఫోన్‌లో టైము రాసుకోండి. ఎడం ఒకేలా ఉంటే గడియారం బాగున్నట్టే. ఎడం తగ్గుతూ వస్తుంటే, లేదా వెంటవెంటనే రెండు టక్కులు వినబడితే, తన్నుడులో బలం తగ్గింది. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది మాడిన పాయింట్లను. అసలు టక్ లేకుండా డయల్ వేడిగా తగిలితే వెంటనే వైరు తీసేయండి.

వచ్చే పాఠంలో ఆ పాయింట్లను విప్పి శుభ్రం చేద్దాం. సన్న ఉప్పుకాగితం, పట్టకారు, చేతి గడియారాలకు వాడే నూనె తెచ్చి పెట్టుకోండి. కుట్టుమిషను నూనె వద్దు, అది వేసిన చోట నిలవదు.