కిటికీలకు బ్లైండ్స్ తీస్కునే ముందు ఇవి చూస్కోండి

డిజైన్ సంగతి తర్వాత చూస్కోవచ్చు, ముందుగాల కిటికీ ఏ దిక్కుకుందో చూడాలె. మన వరంగల్, హన్మకొండల మే నెల ఎండ 40 డిగ్రీలు ఈజీగ దాటుతది, పడమర కిటికీకి లోపల ఎంత మందం బ్లైండ్ వేసినా అద్దం దాటొచ్చిన వేడి లోపల్నే ఉంటది, అందుకే వీలుంటే బయట వెదురు చిక్ (వెదురు పుల్లల తెర) కట్టించండి, చానా ఫరక్ పడతది. బెడ్రూంకి బ్లాకౌట్ రోలర్ (వెలుతురు రానియ్యని, పైకి చుట్టుకునే బట్ట బ్లైండ్), హాల్లకు జీబ్రా (పల్చటి, మందం పట్టీలు ఒకదాని తర్వాత ఒకటుండేది) బాగుంటయి. కిచెన్ల బట్టది అస్సలొద్దు, పోపు జిడ్డు పట్టి పోదు, అల్యూమినియందైతే తుడుస్తే అయిపోతది.

కొలత దగ్గరుండి తీయించండి. ఫ్రేమ్ లోపల ఫిట్ చేయాలంటే వెడల్పు పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలిచి తక్కువొచ్చిందే రాస్కోవాలె, ఎందుకంటే గోడల ప్లాస్టరింగ్ ఒక్క తీరుగ ఉండది, జర తేడా వచ్చినా బట్ట అంచు గోడకు రాస్కొని పోగులు లేస్తది. రెక్కలు లోపలికి తెరుసుకునేటివైతే ఫ్రేమ్ బయట, రూం లోపలి గోడకే బిగించాలె, రెండు దిక్కుల 3 ఇంచులు ఎక్కువ పెట్టండి.

చిన్న పిల్లలుంటే కార్డ్‌లెస్సే (వేలాడే తాడు, చైన్ లేనిదే) తీస్కోండి, పైసలెక్కువైనా సరే. వేలాడే చైన్ మెడకు చుట్టుకుంటే ప్రాణం మీదికొస్తది. ఇప్పటికే చైన్‌ది ఉంటే గోడకు క్లిప్పు పెట్టి టైట్‌గ బిగించి, మంచం, ఊయల ఆ కిటికీకి దూరం జరపండి.