బొటనవేలి క్లెయిం: 10 శాతం నుంచి 25కి

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తూ మా తమ్ముడు కుడిచేతి బొటనవేలు మొదలంటా పోగొట్టుకున్నాడు. ప్రమాద బీమా పట్టికలో బొటనవేలి ఒక కణుపు పోతే బీమా మొత్తంలో 10 శాతం, రెండూ పోతే 25. కంపెనీ 10 కట్టి చేతులు దులుపుకుంది. అడిగితే, డిశ్చార్జ్ సమ్మరీలో ఎంతవరకు తీసేశారో లేదన్నారు!

ఆపరేషన్ నోట్స్, ఎక్స్‌రే తెచ్చి, రెండు కణుపులూ పోయాయని సర్జన్ చేత రాయించాం. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా పంపాం. ఫోన్ మాటలు లెక్కలోకి రావు. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి, ఫిర్యాదు పెట్టాం. జవాబు రాకుండా ఆ నెల గడిచాక ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయర్‌ని అసలు రానివ్వరు, మాలాంటివాళ్లకి అదే మేలు. ఎక్స్‌రే చూపించాక కంపెనీవాళ్లకి నోరు పెగల్లేదు. మిగతా 15 శాతం వడ్డీతో సహా తమ్ముడి ఖాతాలో పడింది.