సెంట్రల్ లైన్ ఉన్న బిడ్డ - 4వ పాఠం: జ్వరం వచ్చిన మొదటి గంట

పోయిన పాఠంలో సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన సన్న గొట్టం) మూతిని 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరేదాకా ఆగడం సాధన చేశాం. అంత శ్రద్ధగా చేసే ఇళ్లలోనూ ఒక్కోసారి ఇన్ఫెక్షన్ వస్తుంది. వచ్చిందంటే మీరేదో పాపం చేసినట్టు కాదు, ఆ దిగులు పక్కన పెట్టి పనిలోకి దిగాలి.

పేగు పనిచేయక టీపీఎన్ (సిర ద్వారా ఎక్కించే పోషకాహారం) మీద బతుకుతున్న బిడ్డకి ఒళ్లు 38 డిగ్రీలకి, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4కి చేరిందంటే, కాదని తేలేదాకా అది లైన్ ఇన్ఫెక్షనే. ముక్కు కారుతున్నా అంతే, ఇంట్లో అందరికీ జలుబు ఉన్నా అంతే. పారాసిటమాల్ వేసి పొద్దున్నదాకా చూద్దాం అనుకోవడం ఇక్కడ అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఆ లైన్ కొస గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది, అందులో చేరిన క్రిమి తిన్నగా రక్తంలో కలుస్తుంది, కొన్ని గంటల్లోనే బీపీ పడిపోవచ్చు.

ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండానూ రావచ్చు. చంటిబిడ్డ మందకొడిగా, పాలిపోయి, లేపినా సరిగ్గా లేవకుండా ఉంటే చాలు, బయల్దేరండి. ఇంకొకటి, లైన్ ఫ్లష్ చేసిన (సిరంజితో సెలైన్ ఎక్కించి కడిగిన) కాసేపటికే బిడ్డ గడగడా వణికితే అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. గొట్టం లోపలి గోడకి క్రిములు జిగురు పొరలా అంటుకుని ఉంటాయి, సిరంజి నొక్కగానే కొన్ని ఊడి రక్తంలోకి కొట్టుకుపోతాయి, ఆ వణుకు దానివల్లే. ఆ లైన్‌లోకి ఇంకేమీ ఎక్కించకుండా మీ టీమ్‌కి ఫోన్ చేయండి.

టీపీఎన్ ఉన్నట్టుండి ఆపితే షుగర్ పడిపోతుంది, చిన్నపిల్లల్లో మరీనూ. కాబట్టి దారిలోనూ, ఆస్పత్రికి చేరగానే కూడా షుగర్ చూడాలి, గ్లూకోజ్ ఎలా ఇవ్వాలో ముందే మీ డాక్టర్‌తో మాట్లాడి ఉంచుకోవాలి.

ఇక ఆస్పత్రిలో. యాంటీబయాటిక్ పడేలోపే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష) కోసం రక్తం తీయాలి. లైన్‌కి రెండు దారులుంటే రెండిటి నుంచీ, వీలైతే చేతి సిర నుంచి ఇంకొకటి, అన్నిట్లో ఒకే కొలత రక్తం. ఏ సీసా ఎక్కడిదో, ఎన్నింటికి తీశారో లేబుల్ మీద అక్కడికక్కడే రాయించండి, సిగ్గుపడకుండా అడిగి మరీ రాయించండి. లైన్ నుంచి తీసిన సీసాలో క్రిమి చేతి సీసాకంటే కనీసం 2 గంటల ముందు పెరిగితే మూలం లైనే అని గట్టిగా చెప్పొచ్చు. లేబుల్ తారుమారైతే ఆ ఆధారం మొత్తం పోతుంది. అయితే చేతిలో సిర దొరకలేదని మందు ఆలస్యం చేయకూడదు, చేరిన గంటలోపు మొదటి డోసు పడాలి, అదీ చర్మం మీది క్రిములకీ పేగు నుంచి వచ్చే క్రిములకీ రెండిటికీ పనిచేసే మందులతో.

లైన్ తీసేయాలా అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. ఈ పిల్లలకి వాడుకోగల పెద్ద సిరలు కొన్నే, ఒక్కొక్కటీ అపురూపం, అందుకే చర్మం మీది మామూలు స్టెఫైలోకాకస్ అనే క్రిమి అయితే తరచూ మందులతోనే లైన్ నిలబెడతారు. క్యాండిడా లాంటి ఫంగస్ అయినా, స్టెఫైలోకాకస్ ఆరియస్ అయినా, బిడ్డ బీపీ బాగా పడిపోయి షాక్‌లోకి వెళ్లినా, సరైన మందు పడి 72 గంటలైనా కల్చర్ పాజిటివ్‌గానే వస్తున్నా, సాధారణంగా తీసేయమంటారు. అప్పుడు లైన్ కోసం పట్టుబట్టకండి.

ఈ వారం అభ్యాసం: ఒక కార్డు మీద బిడ్డ బరువు, లైన్ రకం, ఎన్ని దారులు, వేసిన తేదీ, ఇంతకుముందు పెరిగిన క్రిముల పేర్లు, పడని మందులు, టీపీఎన్ ఎన్ని గంటలు నడుస్తుందో రాసి ఆస్పత్రి సంచిలో పెట్టండి. తర్వాత ఇంట్లో ఇంకొకరి చేత పైకి చదివించండి, నిమిషంలో అయిపోవాలి. వాళ్లు తడబడిన చోటల్లా అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ రాయండి.

5వ పాఠంలో టారోలిడిన్, ఇథనాల్ లాక్‌లు (లైన్ వాడనప్పుడు క్రిములు చేరకుండా గొట్టంలో నింపి ఉంచే ద్రవాలు) ఎవరికి, ఏ రకం గొట్టంలో వేయొచ్చో చూద్దాం.