తల సంగతి తర్వాత, ముందు నడుము

మా బాబుకు ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడుకు దెబ్బ తగిలి కండరాలు అదుపులో ఉండని స్థితి. మెడ నిలవదు, కాళ్లు కత్తెరలా ఒకదానిమీదొకటి పడతాయి. తల వాలిపోతోందని మూడేళ్లపాటు దాని చుట్టూ దిండ్లు కూరుతూనే ఉన్నాను, వాడు కుర్చీలోంచి జారుతూనే ఉన్నాడు. ఒకరోజు ఫిజియో మేడమ్ దిండ్లన్నీ తీసి పక్కన పెట్టి, “పిర్రలు వెనక్కి ఆనాయా లేదా, ముందు అది చూడమ్మా” అన్నారు.

కాళ్లు బిగుసుకున్నప్పుడు గుంజకండి. మోకాళ్లు మడిచి, తొడలను నెమ్మదిగా పొట్టవైపు వంచితే బిగువు సడలుతుంది. అప్పుడు పిర్రలు కుర్చీ వెనక మూలకు ఆనేలా కూర్చోబెట్టి బెల్టు పెట్టండి. అది పొట్ట మీద కాదు, తొడా నడుమూ కలిసే మడతలో, సీటుకు 45 డిగ్రీల వాలులో రావాలి. ఛాతీ పట్టీ ఆ తర్వాతే. అదొక్కటే కడితే, పిల్లాడు జారినప్పుడు గొంతుకు పడుతుంది.

మా కుర్చీ పెరంబూరులో మా వీధి చివరి వడ్రంగి చేశాడు. మొదట సీటు లోతు ఎక్కువై, అంచు మోకాలి వెనక నొక్కేది. వీపు వెనక రెండంగుళాల చెక్క వేయిస్తే కుదిరింది. మోకాలి మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. పాదాలు వేలాడకూడదు, మేం కొన్నాళ్లు ఇటుకలతో నెట్టుకొచ్చాం. మోకాళ్ల మధ్య తువ్వాలు చుట్ట కాళ్లు విడిగా ఉంచడానికే. జారకుండా ఆపడం బెల్టు పని.

రెగ్జిన్ మాత్రం వద్దు. చెన్నై ఉక్కలో వీపంతా చెమటకాయలే. పాత నూలు పంచె పరుస్తున్నాం. మొదట్లో పది నిమిషాలే కూర్చోబెట్టాను. దించాక ఒళ్లు చూడండి, ఎరుపు అరగంటలో పోకపోతే ఫిజియోకి చూపించాల్సిందే.

అత్తయ్య నిలబడి ముద్ద పెట్టేవారు. వాడు గడ్డం ఎత్తేవాడు, రెండో ముద్దకే పొలమారేది. ఇప్పుడు చిన్న స్టూల్ మీద ఎదురుగా కూర్చుని, చెంచా కిందినుంచి తెస్తారు. గడ్డం కాస్త దిగి ఉంటుంది, దగ్గు చాలా తగ్గింది. తిన్నాక అరగంట పడుకోబెట్టం.

నడవని పిల్లలకు తుంటి కీలు చడీచప్పుడు లేకుండా పక్కకు జరగవచ్చు. ఎక్స్‌రే ఎప్పుడెప్పుడు తీయించాలో డాక్టరును అడిగి పెట్టుకోండి. బహుళ వైకల్యాలున్నవారి కోసం చెన్నై దగ్గర ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, కుర్చీ చేయించకముందే అక్కడ చూపించుకోవచ్చు. మేం తర్వాత వెళ్లాం, అదో ఖర్చు.

నిన్న మళ్లీ కొలిచాను. మోకాలి వెనక మూడు వేళ్లు పడుతున్నాయి. వీపు వెనక చెక్కను కాస్త పలచన చేయించే వేళైంది.