ముహూర్తాల ముందు: ఆన్‌లైన్ సంబంధాల్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ, విదేశాల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు డిసెంబరు, జనవరి సెలవులకు ఇంటికి వచ్చే కొద్దీ మ్యాట్రిమోనీ వెబ్‌సైట్లలో హడావుడి పెరుగుతుంది. అబ్బాయికి మూడు వారాల సెలవే ఉందని, ఈ ముహూర్తాలు దాటితే మూఢం వస్తుందని, మంచి సంబంధం చేజారిపోతుందని ఇంటిల్లిపాదీ తొందరపడే కాలం ఇది. మోసగాడికి ఆ తొందరే పెట్టుబడి కాబట్టి ప్రొఫైల్ పెట్టకముందే కొన్ని విషయాలు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. డేటింగ్ యాప్‌లు వాడే యువతీయువకులకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. సొంత సంపాదన ఉండి ఒంటరిగా జీవిస్తున్న నడివయసు స్త్రీలను మోసగాళ్లు ఏరికోరి వెతుక్కుంటారు కనుక, రెండో వివాహం ప్రయత్నాల్లో ఉన్నవారికి మరింతగా వర్తిస్తుంది.

పూర్వం సంబంధం తెచ్చే మధ్యవర్తి ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండేవాడు. ఆయన చెప్పింది అబద్ధమని తేలితే పదిమందిలో నిలదీయడానికి, ఆ పైన ఎవరూ ఆయనను గడప తొక్కనివ్వకుండా చేయడానికి వీలుండేది. వెబ్‌సైటు ఆ మధ్యవర్తి స్థానాన్నీ, ఆయన తీసుకునే రుసుమునూ అందుకుంది గాని ఆయన జవాబుదారీతనాన్ని మాత్రం నెత్తిన వేసుకోలేదు. సభ్యత్వ నిబంధనలను ఓపికగా చివరిదాకా చదివితే, సభ్యులు ఇచ్చిన వివరాల నిజానిజాలకు సంస్థ బాధ్యత వహించదన్న వాక్యం సాధారణంగా ఎక్కడో ఒకచోట కనబడుతుంది. కాబట్టి వాకబు పని వెబ్‌సైటు చేసేసిందని అనుకోకూడదు. అలాగని వెబ్‌సైటును ఊరికే వదిలిపెట్టనూ కూడదు.

టిక్కు గుర్తును ఎంతవరకు నమ్మాలి

ప్రొఫైల్ పక్కన కనిపించే ‘వెరిఫైడ్’ గుర్తు చాలాచోట్ల ఫోన్ నంబరుకు ఓటీపీ వచ్చిందన్న సంగతిని మాత్రమే చెబుతుంది. మరికొన్నిచోట్ల ఏదో ఒక గుర్తింపు కార్డు ఫొటో అందిందని చెబుతుంది. ఆధార్ కార్డులో ఉద్యోగం ఉండదు, జీతం ఉండదు, ఇదివరకే పెళ్లయిందో లేదో ఉండదు. అందుచేత డబ్బు కట్టి సభ్యత్వం తీసుకునే ముందే, ఆ గుర్తు ఇవ్వడానికి సంస్థ దేనిని పరిశీలిస్తుందో చెప్పమని ఈ-మెయిల్ ద్వారా అడిగి, జవాబును దాచుకోవాలి. ఫోన్‌లో ప్రతినిధి తీయగా చెప్పే హామీ రేపు ఎక్కడా చెల్లదు.

ఇక మన బయోడేటా సంగతి. పుట్టిన తేదీ, పుట్టిన సమయం, ఊరు, నక్షత్రం, గోత్రం, తండ్రి ఫోన్ నంబరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఫ్లాట్లు, అక్క ఏ దేశంలో, బావ ఏ కంపెనీలో — మోసగాడు నెల రోజులు తిరిగినా సంపాదించలేని సమాచారాన్ని మనమే ఒక్క పేజీలో టైపు చేసి, పదిమందికి పంపమని వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నాం. ఆస్తి వివరాలు, పూర్తి చిరునామా, పుట్టిన తేదీ మొదటి పేజీలో ఉండనక్కరలేదు. జాతకం పొంతన చూడటానికి నక్షత్రం, పాదం చాలు. మిగిలినవి పెద్దలు ముఖాముఖి కలిశాక ఇచ్చుకోవచ్చు. సంబంధాల కోసం బ్యాంకు ఖాతాతో లింకు లేని ఒక ప్రత్యేక సిమ్ కార్డు పెట్టుకుంటే చాలా తలనొప్పులు తప్పుతాయి.

వాకబు: ఏది ఎక్కడ సరిచూడాలి

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న సామెత మనలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, అవతలివారి మాటల్లో తేడా కనిపించినా దానిని మోసంగా గాక పెళ్లిళ్లలో మామూలుగా ఉండే అతిశయోక్తిగా సర్దుకుపోతాం. జీతం కొంచెం ఎక్కువ చెప్పి ఉంటారులే, వయసు ఒక ఏడాది తగ్గించి ఉంటారులే అనుకుంటాం. ఈ సర్దుబాటు గుణాన్ని మోసగాడు బాగా ఎరుగును. 2020 నవంబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసిన ఒక వ్యక్తి, తాను సైన్యంలో మేజర్‌నని చెప్పుకుని, సైనిక దుస్తులతో, నకిలీ గుర్తింపు కార్డుతో 17 కుటుంబాలను నమ్మించి 6 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేశాడని అభియోగం. అన్ని ఇళ్లలో ఎవరికీ ఏ చిన్న తేడా కనబడలేదంటే నమ్మడం కష్టం. కనబడినా, పెద్ద సంబంధాన్ని అనుమానిస్తే పోతుందేమోనని ఊరుకుని ఉంటారు.

అనుమానించడం అమర్యాద కాదు. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తే అదే ముఖం వేరే పేరుతో ఎక్కడైనా ఉంటే బయటపడే అవకాశం ఉంది. డాక్టరునని చెప్పినవారి పేరు జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని వైద్యుల రిజిస్టరులో, చార్టర్డ్ అకౌంటెంటునని చెప్పినవారి పేరు వారి సంస్థ సభ్యుల జాబితాలో వెతకవచ్చు. సొంత కంపెనీ ఉందన్నవారి కంపెనీ నమోదై ఉందో లేదో కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఉచితంగా తెలుస్తుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లాను, కోర్టును ఎంచుకుని కక్షిదారు పేరుతో వెతికితే కేసులు ఉన్నచోట కనబడవచ్చు. కనబడనంత మాత్రాన లేవని అర్థం కాదు. విడాకులయ్యాయని చెబితే డిక్రీ (కోర్టు విడాకుల ఉత్తర్వు) ధ్రువీకృత నకలు అడగాలి. హిందూ వివాహ చట్టం ప్రకారం డిక్రీపై అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది కనుక ఆ తేదీ కూడా చూసుకోవాలి.

వీటన్నిటికన్నా పాత పద్ధతి ఇప్పటికీ గట్టిది. ఇంటిపేరు, సొంత ఊరు, మేనమామల ఊరు అడిగి, ఆ ఊరి మనిషిని ఒకరిని పట్టుకుని ఫోన్ చేయడమే ఆ పద్ధతి. మోసగాడు అమెరికాలో ఉద్యోగాన్ని, ఉద్యోగ పత్రాలను సృష్టించగలడు గాని తణుకు పక్కన ఒక పల్లెటూరిలో తనను చిన్నప్పటి నుంచి ఎరిగిన పాలవాడిని సృష్టించలేడు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు, బంధువులతో రాకపోకలు లేవు, పెరిగిందంతా బయటే అన్న కథ వినబడితే — నిజంగా అలాంటివారు ఉంటారు, వారిని అవమానించకూడదు — కనీసం చదువుకున్న కాలేజీ నుంచి, పని చేస్తున్నచోటి నుంచి ఇద్దరు మనుషులతో స్వయంగా మాట్లాడిన తర్వాతే ముందుకు వెళ్లాలి. వాళ్ల నంబర్లు అతను ఇచ్చినవి కాకుండా మీరు సంపాదించినవై ఉండాలి.

వీడియో కాల్‌లో ముఖం చూశామన్న ధీమా కూడా ఈ రోజుల్లో చాలదు. ముఖాన్ని మార్చి చూపే సాఫ్ట్‌వేర్లు చేతికి అందుతున్నాయి. తలను పూర్తిగా పక్కకు తిప్పమని, ముఖం ముందు చేయి ఆడించమని, గదిలో లేచి నడవమని అడిగితే అలాంటి మార్పు కొన్నిసార్లు చెదిరి బయటపడుతుంది. వారాల తరబడి మాట్లాడుతూ ఒక్కసారి కూడా వీడియోలోకి రాని మనిషి గురించి ఇక ఆలోచించవలసిందేమీ లేదు.

డబ్బు మాట వచ్చే దారులు

కథలు వేరైనా చివరికి డబ్బు దగ్గరికే వస్తాయి. పాత కథ పార్సిల్ కథ. లండన్‌లో డాక్టరుగా పరిచయమైన వ్యక్తి నెల తర్వాత బహుమతి పంపానంటాడు. రెండు రోజులకు ఢిల్లీ విమానాశ్రయం నుంచి కస్టమ్స్ అధికారినని ఒక మహిళ ఫోన్ చేసి, సుంకం కింద ఉదాహరణకు 35,000 రూపాయలు ఒక ఖాతాకు పంపమంటుంది. అది పంపగానే పార్సిల్‌లో విదేశీ నోట్లు దొరికాయని, లక్షన్నర కట్టకపోతే కేసవుతుందని భయపెడుతుంది. ఈ రెండో మెట్టులో ప్రేమ స్థానంలో భయం వచ్చి కూర్చుంటుంది, అందుకే చదువుకున్నవారు కూడా కడతారు. కస్టమ్స్ శాఖ వ్యక్తుల ఖాతాల్లోకి సుంకం వేయమని ఫోన్‌లో అడగదు. ఆ శాఖ పంపే లేఖలపై ఒక పత్ర గుర్తింపు సంఖ్య ఉంటుంది, దానిని కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

కొత్త కథలో అవతలి మనిషి డబ్బు అడగనే అడగడు. తాను ట్రేడింగ్‌లో సంపాదిస్తున్నానని, మన భవిష్యత్తు కోసం నువ్వూ కొంచెం పెట్టమని ఒక యాప్ లింకు పంపుతాడు. మొదట పెట్టిన పదివేలకు లాభం నిజంగానే వెనక్కి వస్తుంది. ఆ నమ్మకంతో పెట్టిన లక్షలు తెరమీద మాత్రమే పెరుగుతుంటాయి. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. అవతలివారు చక్కటి తెలుగులో మాట్లాడుతున్నారన్నది భరోసా కాదు. ఉద్యోగాల పేరుతో మన యువకులను కంబోడియా తీసుకెళ్లి, నిర్బంధించి, ఇలాంటి సైబర్ మోసాలే బలవంతంగా చేయించిన వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు.

డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయి తానే పబ్బు పేరు చెప్పి రమ్మని, ఖరీదైన మద్యం తెప్పించుకుని, వేలల్లో బిల్లు వదిలి మాయమయ్యే పద్ధతి 2024లో హైదరాబాద్‌లోనూ బయటపడి అరెస్టులు జరిగాయి. మొదటిసారి కలిసే చోటును మీరే ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

నగ్న వీడియో కాల్ రికార్డు చేసి బెదిరించడం ఇంకొకటి. ఇందులో ఒకసారి డబ్బు పంపితే బెదిరింపు ఆగదు, ధర పెరుగుతుంది. పంపకుండా, బ్లాక్ చేయకముందే ఆధారాలు భద్రపరచుకుని, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఫిర్యాదు చేయాలి. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ద్వారా, ఫొటోను ఎక్కడికీ పంపకుండానే దాని డిజిటల్ ముద్రను మాత్రమే నమోదు చేసి, అందులో భాగస్వాములైన ప్రధాన సామాజిక మాధ్యమాల్లో అది వ్యాపించకుండా ఆపే ప్రయత్నం చేయవచ్చు.

వెబ్‌సైట్లు చేయవలసినది, మనం అడగవలసినది

2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మ్యాట్రిమోనీ వెబ్‌సైట్లకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని, మొబైల్ నంబరును నిర్ధారించుకోవాలని, ప్రొఫైల్ సృష్టించినవారి ఐపీ చిరునామాలు భద్రపరచాలని, మోసాల గురించి సభ్యులను హెచ్చరించాలని, తమది డేటింగ్ వెబ్‌సైటు కాదని స్పష్టంగా ప్రకటించాలని అందులో ఉంది. డేటింగ్ యాప్‌లకు ఆ పత్రం వర్తించకపోయినా, 2021 నాటి సమాచార సాంకేతిక నిబంధనలు, ఇతరులు పెట్టే సమాచారాన్ని చూపించే ‘మధ్యవర్తి’ సంస్థలన్నిటికీ వర్తిస్తాయి. ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే మార్గం వెబ్‌సైటులో ఉంచాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లోపు తెలపాలి. నగ్న చిత్రాలు, మరొకరి రూపంలో నటించే ఖాతాల విషయంలో బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లోపు తొలగించే చర్య తీసుకోవాలని ఆ నిబంధనలు మొదట చెప్పాయి; 2026 ఫిబ్రవరి సవరణతో ఆ గడువు 2 గంటలకు తగ్గింది. ఖాతా రద్దయినా నమోదు వివరాలను 180 రోజులు దాచాలి. ఇతరులు పెట్టిన సమాచారానికి బాధ్యులు కాకుండా సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ ఈ సంస్థలకు ఇచ్చే రక్షణ బేషరతైనది కాదు. తగిన శ్రద్ధ వహించినప్పుడే అది వర్తిస్తుంది. ఫలానా ప్రొఫైల్ నకిలీదని మీరు రాతపూర్వకంగా తెలిపిన తేదీకి విలువ వచ్చేది ఇక్కడే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఊరుకోవద్దని పదేపదే చెప్పడం అందుకే.

సంస్థలకు తెలియక జరుగుతోందని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో, మ్యాచ్.కామ్ డేటింగ్ వెబ్‌సైటును నడిపే మ్యాచ్ గ్రూప్‌పై వేసిన దావాలో ఒక ఆరోపణ చూడండి: మోసపూరితమైనవి కావచ్చని సంస్థే గుర్తించిన ఖాతాల నుంచి వచ్చిన సందేశాలను డబ్బు కట్టిన సభ్యులకు చేరకుండా ఆపి, డబ్బు కట్టని వారికి మాత్రం ‘మీపై ఒకరు ఆసక్తి చూపారు’ అని ఈ-మెయిల్ పంపి సభ్యత్వం కొనిపించారన్నది. అలాంటి ఈ-మెయిల్ అందిన 24 గంటల్లోపు దాదాపు 5 లక్షల సభ్యత్వాలు అమ్ముడయ్యాయని కమిషన్ పేర్కొంది. అక్కడి చట్టం ఇచ్చే రక్షణ కారణంగా 2022లో న్యాయస్థానం ఆ ఆరోపణలను కొట్టివేసింది. మిగిలిన అంశాలపై 2025 ఆగస్టులో సంస్థ 1.4 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అమెరికాలో ఉండి సంబంధాలు వెతుక్కునే మనవాళ్లు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి: అక్కడ వెబ్‌సైటును పట్టుకోవడం ఇక్కడికన్నా తేలిక కాదు.

ఫిర్యాదుల అధికారి స్పందించకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. డబ్బు తీసుకుని చెప్పిన సేవ ఇవ్వని సంస్థపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

డబ్బు పోయినప్పుడు

డబ్బు పంపిన వెంటనే సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారకముందే నిలిపివేయించడమే ఆ వ్యవస్థ ఉద్దేశం గనుక, పరువు పోతుందని రెండు రోజులు మథనపడితే నిలపడానికి ఏమీ మిగలదు. లావాదేవీ సంఖ్య, ప్రొఫైల్ లింకు, చాటింగ్ మొత్తం, ఫోన్ నంబర్లు, ఖాతా వివరాలు భద్రపరచి జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. మోసగాడు ప్రొఫైల్ తీసేసే ముందే దాని స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. కంప్యూటరు సాధనంతో మరొకరిగా నటించి మోసగిస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. తాను అసలు ఎవరో దాచి పెళ్లి చేసుకుని, లేదా నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని చెప్పి లైంగిక సంబంధం పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

ఫిర్యాదు చేసిన కొన్ని వారాలకు, పోయిన డబ్బు రాబట్టి ఇస్తామని లాయరుగానో, సైబర్ నిపుణుడిగానో, పోలీసుగానో ఒకరు ఫోన్ చేసి ముందు ఫీజు కట్టమంటారు. బాధితుల నంబర్లు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి కాబట్టి ఇది తరచూ మొదటి ముఠా పనే అవుతుంది. పోలీసులుగానీ బ్యాంకుగానీ డబ్బు వాపసు చేయడానికి ఫీజు అడగరు. అలాంటి ఫోన్ వస్తే ఆ నంబరును కూడా పాత ఫిర్యాదు సంఖ్యతో కలిపి పోలీసులకు ఇవ్వాలి.