చలి వెళ్లేటప్పుడు చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: వేపకొమ్మ

పోయిన పాఠంలో గడ్డి మీద మంచు ఎంతసేపు నిలుస్తోందో రోజూ టైము రాసుకోమన్నాను. రాసినవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అది నానాటికీ తొందరగా ఆరిపోతోంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు పెద్దవాళ్లు. ఆ కబురు వేపచెట్టు ముందే చెప్తుంది.

కావలి నుంచి ఒంగోలు దాకా ఏ ఊళ్లో చూసినా వేపచెట్టు ఉంటుంది. మీ ఇంటి దగ్గర చెయ్యి అందే కొమ్మ ఒకటి చూసుకుని ఎర్రదారం కట్టండి. రోజూ పొద్దున ఆ ఒక్క కొమ్మనే చూడండి. నేను మొదట్లో చెట్టంతా చూసేవాణ్ణి. ఒకరోజు తలెత్తితే కొమ్మకొమ్మకూ కొత్తాకు! ఎప్పుడు వేసిందో తెలియనే లేదు. రెండేళ్లు అలాగే పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే.

ముందు ఆకు పసుపు తిరుగుతుంది. గాలి తగిలితే చాలు, రాలిపోతుంది. వాకిలి ఎంత ఊడ్చినా మళ్లీ పసుపు ఆకులు, ఉత్త ఈనెలు. ఇది మామూలు ఆకురాలుడే, కంగారు పడక్కర్లేదు.

ఈమధ్య ఏళ్లలో వేపలకు ఎండుతెగులు వచ్చి చాలామంది భయపడ్డారు కాబట్టి తేడా చెప్తాను. అది ఫోమాప్సిస్ అనే బూజు వల్ల వస్తుంది. అందులో కొమ్మల కొసలు గోధుమరంగుకు మాడతాయి, ఎండిన ఆకు రాలకుండా కొమ్మనే పట్టుకుని వేలాడుతుంది. అనుమానమొస్తే పుల్ల మీద గోటితో కొంచెం గీరండి. తొక్క కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ పుల్ల బతికే ఉంది.

ఇక అసలు చూడాల్సింది. మోడైన కొమ్మ కొసన, ఆకు రాలిన మచ్చ పైన, చిన్న బొడిపె లేస్తుంది. కొన్నాళ్లకు అది విచ్చుకుంటుంది. అప్పుడు ఎండకు ఎదురుగా నిలబడి చూడండి. లేతాకు ఆకుపచ్చగా ఉండదు, రాగిరంగులో నిగనిగలాడుతుంది, అంచుల రంపపు పళ్లు కూడా అప్పటికే ఉంటాయి. వేళ్ల మధ్య పెడితే పట్టులా మెత్తన. రోజులు గడిచేకొద్దీ ఎరుపు తగ్గి పచ్చదనం వస్తుంది. ఆ ఆకుల మొదళ్లలోనే, ఉగాది పచ్చడిలో వేసే పూత సన్నటి మొగ్గలుగా మొదలవుతుంది.

నోటుబుక్కులో నాలుగు తేదీలు రాయండి: మొదటి పసుపు ఆకు, చివరి పాతాకు, మొదటి బొడిపె, మొదటి రాగిచిగురు. పక్కింటి చెట్టు మీ చెట్టుకంటే వారం వెనక ఉన్నా తప్పేం లేదు, దాని తేదీలు విడిగా రాసుకోండి.

వచ్చే పాఠానికి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్దాం. అక్కడ గూడబాతుల (పెలికాన్ల) పిల్లలు ఎంత ఎదిగాయో చూడాలి.