పాడి లెక్కలు - మూడో పాఠం: కూతుళ్లను బట్టి ఎద్దును తూచడం

రెండో పాఠంలో నెలకోసారి పాలు తూచి, 305 రోజుల ఈత (ఒకసారి ఈనాక ఆవు పాలిచ్చే కాలం) లెక్క కట్టడం నేర్చుకున్నాం. ఆ లెక్కలు మీ నోట్‌బుక్‌లో లేకపోతే ముందు అవి రాసుకోండి. మీ ఊరి డైరీలో పాలు పోసే ఇంకో నాలుగిళ్ల వాళ్లనూ కలుపుకోండి. ఒక్క ఇంటి ఆవులతో ఇవాళ్టి పని జరగదు.

హొసకోటె, మాలూరు, చింతామణి వైపు మనవాళ్లు ఆవు ఎదకొస్తే సూది (కృత్రిమ గర్భధారణ) వేసే ఆయనకు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "సార్, మంచి ఎద్దుది వేయండి." మంచిదని ఎలా తెలిసిందో మాత్రం ఎవరూ అడగరు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోంచి తీసిన, ఎద్దు వీర్యం నింపిన పావు మిల్లీలీటరు స్ట్రా (సన్న గొట్టం) మీద ఎద్దు నంబరు, జాతి, తయారైన కేంద్రం గుర్తు ఉంటాయి. ఆ నంబరు రాసిపెట్టుకునే ఇల్లు ఊరికి ఒకటి ఉంటే గొప్ప. ఈ పాఠానికి ఆ నంబరే ఆధారం. దూడ చెవి పోగు మీది 12 అంకెల పక్కనే తండ్రి నంబరు కూడా రాసే అలవాటు ఇవాళే మొదలుపెట్టండి.

అసలు చిక్కేమిటంటే, ఎద్దు పాలివ్వదు. దాని విలువ కూతుళ్ల పొదుగులో చూడాలి. కూతురు ఇచ్చే పాలలో తండ్రి వాటా కొంతే, మిగతాది తల్లిది, మేతది, ఎండది, పితికే చేతిది. ఒకే ఈతలో ఉన్న ఆవుల పాలలో కనిపించే తేడాల్లో సుమారు పావు వంతే వంశం వల్ల వస్తుంది. దీన్ని శాస్త్రజ్ఞులు వంశపారంపర్యత అంటారు. పాల దిగుబడికి దాన్ని 25 శాతంగా తీసుకుని లెక్క కడదాం. లెక్క కట్టే మందను బట్టి ఈ అంకె కాస్త అటూ ఇటూ మారుతుంది.

ఈ చిక్కు విప్పినవాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి అలన్ రాబర్ట్‌సన్. ఆయన చదివింది రసాయనశాస్త్రం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలోని కోస్టల్ కమాండ్ కోసం అంకెల పని చేశారు. యుద్ధం ముగిశాక ఎడిన్‌బరోలో పశువుల జన్యుశాస్త్రంలోకి వచ్చారు. 1950లో జేమ్స్ రెండెల్‌తో కలిసి, కృత్రిమ గర్భధారణ ఉన్నచోట ఎద్దులను కూతుళ్ల ద్వారా పరీక్షించడం ఎలాగో రాశారు. 1954లో సూదితో పుట్టిన పడ్డల (తొలి ఈత ఆవుల) పాల మీద ఇంకో పత్రం రాశారు. ఇవాళ మనం చేసే లెక్కకు మూలం ఆ పనే.

అంతకుముందు ఒక ఎద్దు కూతుళ్లన్నీ చాలావరకు ఒకే మందలో ఉండేవి. అవి బాగా పాలిస్తే ఆ గొప్పతనం ఎద్దుదా, మేత బాగా వేసిన యజమానిదా అన్నది విడదీయడానికి దారి ఉండేది కాదు. సూది వచ్చాక ఒకే ఎద్దు కూతుళ్లు పది ఊళ్లలో, పది రకాల మేత మీద పుట్టాయి. ప్రతి మందలోనూ వేరే ఎద్దుల కూతుళ్లు పక్కనే ఉన్నాయి. అందుకే పాలను ఊరికే సగటు తీయకూడదు, ఆ మందలోనే, ఆ కాలంలోనే, ఆ ఈతలోనే ఉన్న తోటి ఆవులతో పోల్చాలి. సులువు పేపరు రాసి 80 తెచ్చుకున్నవాణ్ని, కష్టం పేపరు రాసి 60 తెచ్చుకున్నవాణ్ని మార్కులు చూసి ఎంచలేం కదా, ఇదీ అంతే.

బెంగళూరు హొసూరు రోడ్డులో ఆడుగోడి దగ్గర 1923లో పెట్టిన పాడి సంస్థ ఉంది. 1927లో గాంధీ బెంగళూరులో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు పశుపోషణ నేర్చుకోవడానికి వెళ్లింది అక్కడికే. ప్రధాన కేంద్రం 1955లో కర్నాల్‌కు పోయింది, ఇక్కడ దక్షిణ ప్రాంతీయ కేంద్రం మిగిలింది. అలాంటి పెద్ద ఫారంలో ఆవులన్నీ ఒకే పాకలో ఉంటాయి, తోటి ఆవులకు కొదవ ఉండదు. మనకున్నవి ఇంటికి రెండో మూడో. కాబట్టి మనం ఇంటిని కాక ఊరి డైరీనే ఒక మంద అనుకోవాలి. ఒకే ఊరు, ఒకే కాలంలో ఈనినవి, అన్నీ మొదటి ఈతవి: ఇది ఒక గుంపు. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరాన్ని జెర్సీ సంకరంతో కలపొద్దు, నాటావును ఏ సీమావుతోనూ కలపొద్దు.

మొదటి ఈతే ఎందుకంటే, తక్కువ పాలిచ్చిన పడ్డను చాలామంది రెండో ఈత దాకా ఉంచరు, సంతకు తోలేస్తారు. రెండో ఈత లెక్కల్లో కనిపించేవి అలా మిగిలిన మంచివే. వాటిని చూస్తే ప్రతి ఎద్దూ మంచిదే అనిపిస్తుంది.

ఇక అంకెల్లోకి వద్దాం. ఇవి అభ్యాసం కోసం నేను వేసినవి. ఒక ఎద్దుకు నాలుగు కూతుళ్లు ఉన్నాయనుకుందాం. ఒకటి మంచి మేత ఉన్న ఊళ్లో చలికాలంలో ఈనింది, ఈతకు 3,300 లీటర్లు. అదే గుంపులో వేరే ఎద్దుల కూతుళ్లు నాలుగు, సగటు 3,000. మిగతా మూడూ రాగి గడ్డి తప్ప పెద్దగా ఏమీ దొరకని ఇంకో ఊళ్లో ఎండాకాలంలో ఈనాయి, సగటు 2,500. అక్కడి తోటివి రెండు, సగటు 2,400.

ముందు తప్పు దారిలో కట్టి చూడండి. నాలుగు కూతుళ్ల సగటు 2,700. తోటి ఆరింటి సగటు 2,800. అంటే ఎద్దు కూతుళ్లు 100 లీటర్లు వెనకబడినట్టు కనిపిస్తుంది, ఎద్దును తీసిపారేస్తారు. కానీ రెండు ఊళ్లలోనూ దాని కూతుళ్లే ముందున్నాయి! ఒకచోట 300, ఇంకోచోట 100. కూతుళ్లలో ఎక్కువ భాగం మేత లేని ఊళ్లో పడటం ఆ ఎద్దు చేసిన నేరం కాదు.

ఇప్పుడు సరైన దారి. ప్రతి గుంపుకూ ఒక బరువు ఇస్తాం: కూతుళ్ల సంఖ్యను తోటివాటి సంఖ్యతో గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. మొదటి గుంపుకు 1×4÷5, అంటే 0.8. రెండోదానికి 3×2÷5, అంటే 1.2. ఒక పక్క మూడు ఉన్నా రెండో పక్క రెండే ఉంటే పోలిక బలం ఆ మేరకు తగ్గుతుందని ఈ బరువు చెబుతోంది. తేడాలను బరువులతో గుణించి కలపండి: 0.8×300 చేస్తే 240, 1.2×100 చేస్తే 120, మొత్తం 360. దాన్ని బరువుల మొత్తం 2తో భాగిస్తే 180 లీటర్లు. ఆ బరువుల మొత్తమే కూతుళ్ల లెక్క: అంటే లెక్కకు వచ్చే కూతుళ్లు నాలుగు కావు, రెండే.

చాలామంది ఇక్కడే ఆగిపోయి 180 అని చాటేస్తారు. ఆగొద్దు. రెండు కూతుళ్ల మాటను పూర్తిగా నమ్మలేం, అవి అదృష్టం కొద్దీ మంచి తల్లులకు పుట్టి ఉండొచ్చు. ఎంత నమ్మాలో చెప్పే సూత్రం ఇది: కూతుళ్ల లెక్కను, అదే లెక్కకు 15 కలిపినదానితో భాగించాలి. ఇక్కడ 2÷17, సుమారు 0.12. దీన్ని 180తో గుణిస్తే 21 లీటర్లు. ఈ ఎద్దు సూది వేయిస్తే పుట్టే పెయ్య, తోటివాటికన్నా ఈతకు 21 లీటర్లు ఎక్కువ ఇస్తుందని ఆశించవచ్చు. అంతే. నిరాశగా ఉందా? ఉండాలి. చేతిలో ఉన్న సాక్ష్యం అంతే మరి.

ఆ 15 ఎక్కడిదో కూడా చూడండి. నాలుగులోంచి వంశపారంపర్యతను తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ వంశపారంపర్యతతోనే భాగిస్తే వస్తుంది: 4లోంచి 0.25 తీస్తే 3.75, దాన్ని 0.25తో భాగిస్తే 15. నాలుగు ఎందుకంటే, తండ్రి ఒక్కడే అయిన అక్కచెల్లెళ్ల మధ్య ఉమ్మడి వంశం పావు వంతు. వెన్న శాతానికి వంశపారంపర్యత సుమారు 50 శాతం, కాబట్టి అక్కడ 15 బదులు 7 వస్తుంది. అంటే పాలకన్నా వెన్న విషయంలో ఎద్దు గుణం తక్కువ కూతుళ్లతోనే బయటపడుతుంది. డైరీలో వెన్నను బట్టి రేటు కట్టించుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

దీన్ని చేత్తో కట్టగలిగితే బ్రోచర్లు చూసి మోసపోరు. 5 కూతుళ్లతో 400 లీటర్లు ఎక్కువన్న ఎద్దుకు 5÷20 చొప్పున 100 వస్తుంది. 60 కూతుళ్లతో 250 అన్నదానికి 60÷75 చొప్పున 200 వస్తుంది. పెద్ద అంకె వేసినదే ఇక్కడ వెనకబడింది.

కేంద్రాల్లో ఇప్పుడు ఈ పని కంప్యూటర్లు చేస్తున్నాయి, అమెరికాలో చార్లెస్ హెండర్సన్ కట్టిన పద్ధతిలో తల్లి వైపు బంధువులను కూడా కలిపి. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో డెన్మార్క్ సాయంతో మొదలైన ఘనీభవన వీర్య కేంద్రం లాంటి చోట్లకు ఎద్దులను ఎంచడం వెనక ఉండేదీ ఇలాంటి లెక్కలే. కాకపోతే కూతుళ్ల కోసం ఎదురుచూపులు చాలా పొడుగు. ఎద్దుకు ఏడాదిన్నర వస్తేనే వీర్యం, తర్వాత తొమ్మిది నెలల చూడి, పుట్టిన పెయ్య మన దగ్గర ఈనడానికి రెండున్నరేళ్లు, ఆపైన పది నెలల ఈత. లెక్క తేలేసరికి ఎద్దుకు ఆరేళ్లకు దగ్గరపడుతుంది. ఆ టైమును తగ్గించడానికే దూడ రక్తంలోని డీఎన్‌ఏ చదివి అంచనా కట్టే పద్ధతిని మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే శాస్త్రజ్ఞులు 2001లో ప్రతిపాదించారు. 2009 నాటికి అమెరికాలో అది అధికారిక లెక్క అయింది. ఆ డీఎన్‌ఏ అంచనాకు పునాది కూడా ఎక్కడో ఎవరో తూచి రాసిన పాలే. కాబట్టి మీ తూనిక మానొద్దు.

ఇంటి పని. ఒక ఎద్దుకు బరువు కట్టాక కూతుళ్ల లెక్క 45, తేడా 120 లీటర్లు. ఇంకోదానికి కూతుళ్ల లెక్క 10, తేడా 300 లీటర్లు. రెండింటికీ కట్టండి. మొదటిదానికి 90, రెండోదానికి 120 వస్తే సరిగ్గా చేసినట్టే. ఈసారి తక్కువ కూతుళ్లున్నదే ముందుంది, కానీ దాని నమ్మకం 10÷25, అంటే 40 శాతం. మొదటిదానిది 75 శాతం. ఒక్క ఆవు ఉన్న ఇంటికి, పది ఆవులున్న ఇంటికి ఏ ఎద్దు సూది చెబుతారో, ఎందుకో నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాయండి. నాలుగో పాఠం ఆ జవాబులతోనే మొదలుపెడదాం.